ఎండలో తెరిచిన గొడుగు

ముప్పై ఏళ్ళకు పైగా వాతావరణ పరిశీలకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఆ మొత్తం కాలంలో అధికారికంగా ఒక్క వాన సూచన కూడా చేయలేదు. నా ఉద్యోగానికి ఆ అధికారం లేదు. అనధికారికంగా మాత్రం, అరవైల చివర ఒక సంవత్సరం ఆగస్టు మొదలు నవంబరు దాకా, బాపట్ల సమీపంలోని ఒక ఊరికి ప్రతి ఉదయం సూచన చేశాను. అందులో చాలా భాగం, అలా చేస్తున్నట్టు నాకే తెలియదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న యువమిత్రులకు పనికివస్తుందన్న ఉద్దేశంతో ఆ వృత్తాంతం వ్రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోవడానికి నా వైపు నుంచి అభ్యంతరం లేదు.

మాది అమృతలూరు దగ్గర ఒక చిన్న పల్లె. మా నాన్న కౌలు రైతు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. ఉద్యోగపు ఉత్తర్వు అందిన రోజున మా నాన్న ఆ కాగితాన్ని వీధి అరుగుమీద పరిచి, "మావాడు ఇకనుంచీ గాలికీ వానకీ ఆఫీసరు" అని నలుగురికీ ప్రకటించాడు. నేను ఎంతో వినయంగా, నేను ఆఫీసరును కాననీ, గాలినీ వాననూ కొలిచేవాణ్ణి మాత్రమేననీ సవరించాను.

"అదేరా నేననేది," అన్నాడు మా పెదనాన్న. "కొలిచేవాడి చేతిలోనేగా ఉండేది."

మా అమ్మ తెనాలి బజారుకు స్వయంగా వెళ్ళి వంకీ పిడి ఉన్న ఒక నల్లగొడుగు కొని తెచ్చింది. ఉద్యోగస్థుడి చేతిలో గొడుగు లేకపోతే కూలికి పోతున్నాడనుకుంటారని ఆమె అభిప్రాయం. తల్లి అభిప్రాయాన్ని మన్నించడం నా ధర్మం కనుక దానిని బాపట్లకు వెంట తీసుకువెళ్ళాను.

మా కేంద్రం ఇప్పుడు లేదు. ఊరికి దూరంగా రెండు గదుల భవనం, వెనుక కంచె వేసిన పచ్చిక ఆవరణ. ఆవరణలో తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఉష్ణమాపకాలు, నేలలో పాతిన వర్షమాపకం. గదిలో, గాలి ఒత్తిడిని రాత్రింబవళ్ళు కాగితంమీద గీతగా గీస్తూ ఉండే యంత్రం ఒకటి. ఉదయం ఎనిమిదిన్నరకూ సాయంత్రం అయిదున్నరకూ వీటన్నిటినీ చూసి, అంకెలుగా మార్చి, పై కేంద్రానికి తంతి పంపాలి. రేపు ఎలా ఉంటుందో తేల్చేది ఆ పై కేంద్రం.

మా ఆఫీసరుగారు రేపల్లె వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. నిబంధనల పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. నేను చేరిన రోజునే నిలబెట్టి చెప్పారు: "చూడటం నీ పని. వ్రాయటం నీ పని. తంతి పంపటం నీ పని. వాన వస్తుందనో రాదనో బయటివాళ్ళకు చెప్పటం నీ పని కాదు. నోటిమాటగా గానీ, వ్రాతపూర్వకంగా గానీ. ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తుంచుకో."

నేను గుర్తుంచుకున్నాను. ఆ రాత్రే డైరీలో కూడా వ్రాసుకున్నాను.

నా బస కేంద్రానికి రెండు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు వెంబడి ఉన్న ఒక ఊళ్ళో. చర్చి బడిలో పంతులుగా పనిచేసి కాలం చేసిన ఒకాయన భార్య, తన ఇంట్లో ముందుగది నాకు అద్దెకు ఇచ్చింది. ఆవిడకు ఉన్నది ఎకరంన్నర వరిపొలం, ఆ సేద్యం చూసే తమ్ముడు ఒకడు. సంవత్సరానికి తిండిగింజలు, కట్టుబట్ట, చర్చికి కానుక, అన్నీ ఆ ఎకరంన్నరలోంచే రావాలి. తమ్ముడు మంచి పనిమంతుడు. ఎవరినీ ఎగతాళి చేయకుండా గంటసేపు ఉండలేకపోవడం ఒక్కటే ఆయన లోపం.

నాకు ఒక పాత సైకిలు ఉండేది. గట్టు ఎండి ఉన్న రోజుల్లో దానిమీద వెళ్ళేవాణ్ణి. వాన కురిసిన మరునాడు మాత్రం అది అసాధ్యం. ఆ నల్లమట్టి తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దట్టించుకుపోయి, సైకిలు మనల్ని మోయడానికి బదులు మనమే సైకిలును మోయవలసి వచ్చేది. కనుక అటువంటి రోజుల్లో నడిచేవాణ్ణి. నడిచే రోజున రెండు చేతులూ ఖాళీయే కనుక ఒక చేతిలో గొడుగు పట్టుకునేవాణ్ణి. సైకిలు రోజున గొడుగు ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడేది. ఈ ఏర్పాటులో దాపరికం ఏమీ లేదు. ఇంతకుమించి సామాన్యమైన సంగతి నా జీవితంలో మరొకటి లేదని అనుకునేవాణ్ణి.

అక్టోబరులో ఒకనాడు ఎండ ఫెళ్ళున కాస్తోంది. గట్టు ఎండి గుల్లగా ఉంది. అయినా సైకిలు ట్యూబు పంక్చరయినందువల్ల ఆ ఉదయం నడిచాను, అలవాటు కొద్దీ గొడుగు పట్టుకున్నాను. దారిలో ఒక రైతు నన్ను చూసి, పొలంలోకి ఎరువు మోస్తున్న కూలీలను వెనక్కి పిలిచాడు. వాకిట్లో ధాన్యం ఆరబోస్తున్న ఒకావిడ నన్ను చూసి చాప మడిచింది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరో చనిపోయారేమోనని కొంచెం తల దించుకుని నడిచాను.

ఆ సాయంత్రం అయిదింటికి ఉరుములతో పెద్ద వాన కురిసింది.

అది కురవడంలో వింత లేదు. పగలంతా నేల కాగుతుంది, సముద్రం అంతగా కాగదు. కాగిన నేలమీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది గాలి తేమను మోసుకుంటూ వస్తుంది. ఆ తేమ కూడా పైకి లేచి, పైన చల్లబడి, మబ్బు కడుతుంది. ఆ లేవడం జోరుగా ఉన్న రోజున, మూడింటికి పిడికెడు కనిపించిన మబ్బు అయిదింటికి ఊరంతా కమ్ముకుంటుంది. అక్టోబరులో ఇది మన తీరంలో మామూలు. నా ట్యూబుకూ దీనికీ ఎటువంటి సంబంధమూ లేదు.

ఆ రాత్రి భోజనాల వేళ ఇంటావిడ తమ్ముడు అరుగుమీద కూర్చుని నవ్వుతూ అన్నాడు: "ఇయాళ మాత్రం మమ్మల్ని తెగ భయపెట్టారండి. అంత ఎండలో గొడుగేంటా అనుకున్నాం."

"గొడుగుతో మీకేమిటి సంబంధం?"

"మీరు గొడుగు తీసుకెళ్తే వానండి. సైకిలెక్కితే ఎండండి. ఆగస్టు కాణ్ణుంచీ చూస్తున్నాం. నూటికి ఎనభై తప్పలేదు."

నేను నిర్ఘాంతపోయాను. గొడుగు పట్టుకోవడానికి కారణం రేపటి వాన కాదనీ, నిన్నటి బురద అనీ, పిల్లలకు పాఠం చెప్పినంత ఓపికగా వివరించాను. ఆయన మొత్తం విన్నాడు. విని, గొంతు తగ్గించాడు.

"అంతేలెండి. గవర్నమెంటు రహస్యం. మీరు అట్టాగే చెప్పాలి మరి."

"రహస్యం కాదండీ, నిజం."

"మాకు తెలుసండి. మీరేం చెప్పలేదు, మేమేం వినలేదు."

తర్వాత చాలాకాలం ఆలోచించగా నాకు ఒక సంగతి స్ఫురించింది. వాళ్ళ లెక్క పూర్తిగా పిచ్చిదేమీ కాదు. వానలు ముసురు పట్టి మూడేసి నాలుగేసి రోజులు ఉంటాయి. నిన్న కురిస్తే గట్టు బురద, బురదైతే గొడుగు, ముసురులో నిన్న కురిసినది నేడూ కురుస్తుంది. నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుందని చెప్పేవాణ్ణి ఓడించడం మా వృత్తిలో మహాపండితులకు కూడా కష్టం. నేను భౌతికశాస్త్రం మూడేళ్ళు చదివి తెలుసుకోనిదాన్ని ఆ ఊరు నా బురదకాళ్ళను చూసి తెలుసుకుంది.

ఈ మూఢవిశ్వాసాన్ని తొలగించడం నా కర్తవ్యమని భావించాను. మొదట, ఎండలోనూ వానలోనూ రోజూ గొడుగు పట్టుకు వెళ్ళాను. నాలుగోనాడు ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి, "ఈ గండం ఎన్నాళ్ళుంటదో ఒక్క ముక్క చెప్పండి బాబూ, ఒడ్లు ఆరబెట్టుకోవాలి" అని ప్రాధేయపడ్డారు. తరువాత, ఎంత బురదలోనైనా గొడుగు ముట్టుకోవడం మానేశాను. రెండోనాడే జల్లు పడి ఊళ్ళో వడియాలన్నీ తడిశాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నేను వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు తడిసిన వడియాలను ఒక్కొక్కటే తీసి, నాకు కనబడేలా పారవేశారు.

చివరకు ఒక నిర్ణయానికి వచ్చాను. ఊరు ఎలాగూ నా గొడుగునే చూస్తుంది. చూడవద్దంటే వినదు. కనుక, కనీసం గొడుగు అబద్ధం చెప్పకుండా చూడటం మర్యాద. ఆనాటి నుంచి రోజూ సాయంత్రపు ఒత్తిడి గీతను చూసి, రేడియో వార్త విని, గాలి దిక్కు గమనించి, ఆ పైన గొడుగు సంగతి తేల్చేవాణ్ణి. బురద అడ్డు వచ్చిన రోజుల్లో ఎండ కాస్తుందని తోస్తే సైకిలును భుజానికెత్తుకుని మరీ గట్టు దాటాను. ఆఫీసరుగారి ఆజ్ఞను ఉల్లంఘించలేదని నా అంతరాత్మకు నచ్చజెప్పుకున్నాను. గొడుగు నోటిమాటా కాదు, వ్రాతా కాదు.

నవంబరు ఆఖరుకు వరికోతలు వచ్చాయి. మా తరం వారికి చెప్పనక్కరలేదు గానీ యువమిత్రులకు చెప్పాలి. కోసిన వరిని వెంటనే కుప్ప వేయరు. పనలుగా పొలంలోనే పరచి నాలుగైదు రోజులు ఎండనిస్తారు. ఆ రోజుల్లో వాన పడితే కంకులు నీళ్ళలో నాని మొలకెత్తుతాయి. పోనీ అని పచ్చిమీదనే కుప్ప వేస్తే, లోపల వేడెక్కి గింజ రంగు మారి ముక్కిపోతుంది. అంటే వాన వస్తుందని నమ్మి తప్పినా నష్టమే, రాదని నమ్మి తప్పినా నష్టమే. ఆ నాలుగు రోజులూ రైతు ప్రాణం ఆకాశంలో ఉంటుంది.

ఇంటావిడ పొలం కోసిన రోజున ఆకాశం నిర్మలంగా ఉంది. నేను సైకిలెక్కి వెళ్ళాను. అది చూసే కోయించిందని వేరే చెప్పనక్కరలేదు.

మరునాడు తెల్లవారుజామున కూడా సైకిలే. గట్టుమీది గడ్డిలో రోజూ మంచుకు నా ప్యాంటు అంచులు తడిసేవి. ఆనాడు తడవలేదు. ఇస్త్రీ చెడలేదని సంతోషించాను. అంతటి పరిశీలకుణ్ణి నేను. రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలి చల్లబడితేనే కదా, చన్నీళ్ళ చెంబు వెలుపల చెమ్మ పట్టినట్టు, ఆకుమీద మంచు పట్టేది. పైన మబ్బు పొర ఉంటే అది దుప్పటిలా అడ్డుపడి నేలను చల్లబడనివ్వదు. మంచు పడలేదంటే పైన ఎవరో దుప్పటి కప్పారన్నమాట. ఇది నేను పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్న ప్రశ్న.

ఎనిమిదిన్నరకు ఒత్తిడి చూశాను. నిన్నటికంటే బాగా తక్కువ. గాలి ఒత్తిడి మన ప్రాంతంలో ఆటుపోట్లవలె రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తరుగుతుంది. ఉదయం పది ప్రాంతంలో యంత్రం గీసే గీత చిన్న గుట్టలా లేచి తీరుతుంది. ఆ ఉద్యోగంలో నేను కళ్ళు మూసుకుని నమ్మిన వస్తువు ఏదైనా ఉంటే అది ఆ పదిగంటల గుట్ట. ఆనాడు పదయింది, పదిన్నరయింది, గుట్ట లేవలేదు. గీత కిందికే దిగుతోంది. పదకొండింటికి పై కేంద్రం నుంచి తంతి వచ్చింది: బంగాళాఖాతంలో వాయుగుండం, రేవులలో ప్రమాద సూచికలు ఎగురవేయవలెను, కోస్తాలో కొన్నిచోట్ల భారీవర్షం కురియవచ్చును. ఆ తంతి ఎవరెవరికి తెలియజేయాలో జాబితా ఉంది. రేవు అధికారులు ఉన్నారు, రైల్వేవారు ఉన్నారు, కలెక్టరుగారు ఉన్నారు. ఎకరంన్నర పచ్చివరి పనలమీద ఉన్న ఇల్లాలు ఆ జాబితాలో లేదు.

ఆఫీసరుగారు తంతి చదివి, దస్త్రంలో గుచ్చి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. బయట పలచని పొరమబ్బు గుండా ఎండ హాయిగా కాస్తోంది.

ఆనాడు నా డ్యూటీ రెండింటికి ముగుస్తుంది. మూడింటికల్లా ఊళ్ళో తెలిస్తే పొద్దుగుంకేలోగా కుప్పలు వేసుకోవచ్చు. కానీ నోటితో చెప్పకూడదు, వ్రాసి చెప్పకూడదు. చెప్పగల గొడుగు ఇంట్లో చిలక్కొయ్యకు ఉంది.

ఆఫీసు గోడకు మరో గొడుగు ఉంది. అది ప్రభుత్వానిది.

"సార్, ఆ గొడుగు ఈ ఒక్కపూటకు ఇంటిదాకా తీసుకువెళతానండి," అన్నాను.

ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు. "వాన పడుతోందా?"

"లేదండి."

"పడబోతోందా?"

"చెప్పటం నా పని కాదండి."

అప్పుడు తల తిప్పి నన్ను చాలాసేపు చూశారు. "స్టాకు రిజిస్టరులో దాని ఎదురుగా ఏం వ్రాసి ఉందో తెలుసా? వాన కురుస్తుండగా పరికరాల దగ్గరికి వెళ్ళుటకు మాత్రమే."

"తెలుసునండి."

ఆయన కాగితాల్లోకి తల వంచుకున్నారు. నేను గొడుగు తీసుకున్నాను.

సైకిలును అక్కడ వదలలేను. ఎక్కితే గొడుగు పట్టలేను. కనుక ఎడమచేత్తో సైకిలు నడిపించుకుంటూ కుడిచేత్తో గొడుగు పట్టుకుని బయలుదేరాను. దూరం నుంచి కూడా కనిపించాలన్న సదుద్దేశంతో గొడుగు తెరిచాను. ఆ వేషంలో రెండు మైళ్ళు, నిండు ఎండలో, ఎవరితోనూ ఒక్కమాట మాట్లాడకుండా, సూటిగా ముందుకు చూస్తూ నడిచాను. నా ఉద్దేశం ఒక్కటే: పనలు కుప్ప వేసుకోండి. అంతకంటే ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఊరి మొదట్లో తూము దగ్గర టీ కొట్టు ఉంది. నన్ను చూసి అక్కడ మాటలు ఆగిపోయాయి. నేను దాటాక మళ్ళీ మొదలయ్యాయి. అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి.

"సైకిలుంది. వాన్లేదన్నమాట."

"గొడుగుందిగా, కనపడట్లా?"

"తెరిచిందిరా గొడుగు. ఎప్పుడన్నా తెరిచారా ఎండలో?"

"రెండూ కలిపి తేవటం ఏంటి? ఏదో ఒకటేగా రావాల్సింది."

ఇంటావిడ తమ్ముడు అక్కడే ఉన్నాడు. కొంతసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు: "గొడుగు వానకి. సైకిలు పారిపోటానికి."

అంతే. గుర్తులు ఇచ్చేవాడు వాటికి అర్థాలు ముందుగా చెప్పి ఉండాలని నాకు ఆ క్షణాన తెలిసింది. వెనుకనుంచి "ఉప్పెనంట, ఉప్పెనంట" అన్న కేక బయలుదేరి నన్ను దాటుకుని నాకంటే ముందు ఊళ్ళోకి వెళ్ళింది. నేను ఇల్లు చేరేసరికి సగం ఊరు పొలాలవైపు, సగం ఊరు చర్చివైపు పరుగెడుతోంది. ఊళ్ళో గట్టి కట్టడం చర్చి ఒక్కటే. బియ్యపు బస్తాలు, ట్రంకుపెట్టెలు, కోళ్ళగంపలు, మంచంతో సహా ఒక ముసలాయన, అన్నీ అటే. ఆయన తనను దించమనీ, నడవగలననీ మొత్తుకుంటున్నాడు. ఎవరూ వినడం లేదు.

"అంత అవసరం లేదండీ," అని నేను నలుగురైదుగురిని ఆపి చెప్పాను.

"మీరు అట్టాగే చెప్పాలి మరి," అని వాళ్ళు నా భుజం తట్టి పరుగెత్తారు.

ఇంటావిడ మాత్రం ఎటూ పరుగెత్తలేదు. గుమ్మంలో నిలబడి ఉంది.

"బాబూ, వాళ్ళ సంగతి నాకొద్దు. నువ్వు చెప్పు. నా వరి నిన్న కోసింది. పచ్చిది. ఇంకా మూడెండలన్నా కావాలి. కుప్ప వేయించమంటావా?"

ప్రొబేషన్ గుర్తుకు వచ్చింది. డైరీలో వ్రాసుకున్న వాక్యం గుర్తుకు వచ్చింది. లేవని గుట్ట కూడా గుర్తుకు వచ్చింది.

"వేయించండమ్మా," అన్నాను.

"తప్పకుండా వస్తదా?"

"తప్పకుండా వస్తుందండి."

ఆ 'తప్పకుండా' అనే మాట పై కేంద్రం తంతిలో లేదు. ఏ కేంద్రం తంతిలోనూ ఎప్పుడూ ఉండదు. అది నేను చేర్చింది. ఆవిడ కొంగు నడుముకు చుట్టి తమ్ముణ్ణి కేకేసింది. పొద్దుగుంకేవేళకు కుప్ప వేశారు.

మరునాడు గాలి వీచింది. మబ్బులు వచ్చాయి, మా నెత్తిమీదుగా పని ఉన్నవాళ్ళలా వెళ్ళిపోయాయి. వర్షమాపకంలో నేను మూడుసార్లు చూశాను. అడుగు తడిసింది, కొలపాత్రలో పోస్తే గీతదాకా రాలేదు. కొలతకందని వానకు మావాళ్ళు వాడే "ఆనవాలు" అన్న మాట రిజిస్టరులో నా చేతులతో నేనే వ్రాశాను. వాయుగుండం ఉత్తరానికి మళ్ళింది. వాన మొత్తం రేపల్లె వైపు కురిసింది. పగలంతా, తెరపి లేకుండా.

ఊరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంటావిడ తమ్ముడు ఎంతో మర్యాదగా, "మా కోళ్ళు చర్చిలో గుడ్లు పెట్టినయ్యండి. ఆ గుడ్లు మావా, పాస్టరుగారివా అని తగువు. మీ పై ఆఫీసులో అడిగి చెప్పండి" అన్నాడు. ఆ ఆదివారం పాస్టరుగారు, చర్చి ఇంతగా నిండటం తన సేవాకాలంలో ఇదే మొదటిసారి అని నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఆయన ఎగతాళి చేయలేదు. అందువల్ల మరింత బాధ కలిగింది.

మిగతావాళ్ళ వరి ముందే కోసింది కనుక చాలావరకు ఎండి ఉంది, నష్టం లేదు. పచ్చిది ఆవిడది ఒక్కటే. నాలుగోనాడు ఆవిడ కుప్పలోకి చెయ్యి దూర్చి వెంటనే తీసింది. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమంది. వేడి అన్నం గిన్నెలో పెట్టినట్టుంది. కుప్ప విప్పి మళ్ళీ పరిచారు గానీ, గింజ అప్పటికే పసుపు తిరిగింది. ఆ సంవత్సరమంతా ఆ ఇంట్లో వండిన అన్నం లేత పసుపురంగులో, కొంచెం ముక్కవాసనతో ఉండేది. ఆవిడ రోజూ నాకూ ఒక గిన్నెడు పెట్టేది. నేను రోజూ తిన్నాను. ఆ వాసన మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వారం తర్వాత ఆఫీసులో నాకు మెమో అందింది. "వాన లేని దినమున, వానకు మాత్రమే ఉద్దేశింపబడిన ప్రభుత్వ గొడుగును, ఆవరణ దాటించి, పైగా తెరచి, ప్రజలలో భీతి కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." ఎవరో పిటిషను పెట్టారట. మూడు రాత్రులు కూర్చుని నాలుగు పేజీల సంజాయిషీ వ్రాశాను. గొడుగు తెరిచింది నేనేననీ, భీతి మాత్రం నేను ఉద్దేశించినది కాదనీ, ఉద్దేశించినది కుప్పలు మాత్రమేననీ విన్నవించుకున్నాను. ఉద్యోగం పోతే మా నాన్నకు ఆ సంగతి ఎలా చెప్పాలో కూడా ఒక చిత్తుప్రతి వ్రాసి పెట్టుకున్నాను.

ఆఫీసరుగారు నాలుగు పేజీలూ చదివారు. చదివి బల్లమీద పెట్టి, దానిమీద రాయి పెట్టారు.

"మా నాన్నగారి నాలుగెకరాలు, రేపల్లె దగ్గర, ఆ రోజు పనలమీదే ఉంది," అన్నారు. "మొత్తం నీళ్ళలో నానింది."

నేను ఆ రాయివైపు చూశాను.

"పదకొండింటికి తంతి చూశాను. గీత నువ్వు చూసిందే నేనూ చూశాను. మధ్యాహ్నం రేపల్లె పోయే మనిషి కూడా ఉన్నాడు, కబురు పంపచ్చు. పంపలేదు. రూలు." సంజాయిషీ మీది రాయిని పక్కకు జరిపారు. "రూలు ప్రకారం నేను నోరు మూసుకున్నాను, అక్కడ వరి పోయింది. రూలు మీరి నువ్వు చెప్పావు, ఇక్కడ వరి పోయింది. ఏం చెయ్యమంటావయ్యా నన్ను?"

"తెలియదండి."

"ఆ గొడుగు తీసుకుని నువ్వు తెనాలిలో రేపల్లె బండి ఎక్కాల్సింది. రాంగ్ డైరెక్షన్లో నడిచావు."

ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. సంజాయిషీ మీద "చూడబడినది, తదుపరి చర్య లేదు" అని వ్రాసి సంతకం చేశారు. గొడుగు మాత్రం ఆనాటినుంచి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తరువాత నేను గొడుగు పట్టుకోవడం మానివేశాను. ఊరు కూడా నన్ను చూడటం మానివేసింది. వానలో తడిసి వెళుతుంటే, "పాపం, ఈయనకే తెలియదు" అని నా వెనుక అనుకోవడం వినబడేది. ఆ మాటలో ఉన్న సత్యం నన్ను తేలికపరిచింది. అందులో ఒక విశ్రాంతి కూడా ఉంది.

మరుసటి సంవత్సరం నవంబరులో, కోతల ముందు ఒక సాయంత్రం, ఇంటావిడ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనుక తమ్ముడు.

"ఏంటి బాబూ, రేపు కోయించమంటావా?"

నేను ఆ రోజంతా దానికోసమే భయపడుతూ ఉన్నాను. రేడియోలో చెప్పారు, మా తంతుల్లోనూ ఉంది. అండమాను దగ్గర అల్పపీడనం. సముద్రపు నీరు వెచ్చగా ఉన్నచోట గాలి పైకి లేచి, చుట్టూ ఉన్న గాలి ఆ ఖాళీకోసం సుడి తిరుగుతూ వచ్చి చేరడం వల్ల అది పుడుతుంది. పుట్టిన ప్రతిదీ పెరగదు, పెరిగిన ప్రతిదీ మనవైపు రాదు. ఇదంతా ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రూలు గుర్తుంది. అయినా చెప్పాను.

"వస్తే ఎప్పుడొస్తది?"

"నాలుగోనాటికండి."

"వస్తదా?"

ఆ క్షణంలో 'తప్పకుండా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుటి మనిషి కళ్ళు ఆ మాటనే అడుగుతున్నప్పుడు దానిని మింగడం ఎంత కష్టమో, ఈ వృత్తిలో మీరూ తెలుసుకుంటారు.

"సగం రావచ్చండి, సగం రాకపోవచ్చు. అంతకుమించి నాకు తెలియదు. మా ఆఫీసరుగారికీ తెలియదు. పైవాళ్ళకూ తెలియదు."

"ఇంత చదువూ చదివి సగమేనాండి?" అన్నాడు తమ్ముడు.

"నోరుముయ్యరా," అంది ఆవిడ. "పోయినేడు మొత్తం చెప్పాడు. ఏమైంది?"

కొంచెంసేపు వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది. "అయితే సగం కోయిస్తాను. ఎకరంన్నరలో ముప్పాతిక ఎకరం రేపు కోద్దాం, ముప్పాతిక ఎకరం నిలబెడదాం. తడిసినా నిలబడ్డది ఆరుద్ది."

నాకు ఈ ఉపాయం తట్టలేదని ఒప్పుకోవాలి. మూడేళ్ళ డిగ్రీలోనూ, శాఖవారి శిక్షణలోనూ, తెలియదన్న మాటను తీసుకుని దానితో పొలం పని ఎలా చేయాలో ఎవరూ నాకు చెప్పలేదు.

అల్పపీడనం సముద్రంలోనే కరిగిపోయింది. నాలుగోనాడు ఒక్క చినుకు పడలేదు. కోసిన సగం గలగలలాడుతూ ఎండి ఇల్లు చేరింది. మిగిలిన సగం కోయడానికి మళ్ళీ కూలీలను పిలవవలసి వచ్చినందుకు తమ్ముడు పొద్దుటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు.

"చూశావా అక్కా, మొత్తం ఒకేసారి కోసినా సరిపోయేది."

ఆవిడ కొడవలి అతని చేతికి ఇచ్చింది.

"ఆ మాట నాలుగు రోజుల ముందు చెప్పాల్సిందిరా."